ఎర్ర బండిలో తల్లిగారి చీర

మా అక్క గంగి జనగామ దవాఖానలో పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను భూపాలపల్లిలో వీరేశం సేటు షెడ్డు ముందు ఊరికే కూర్చుని ఉన్నాను. సకల జనుల సమ్మె నడుస్తోంది. బొగ్గు బాయిలు బందు, బస్సులు బందు. సేటు టిప్పర్లు వరసగా దుమ్ము పట్టి నిలబడ్డాయి. నేను ఆయన ఇంటి కారు డ్రైవర్ని. అయిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచీ బండి చక్రమే నా చదువు.

"శవాన్ని దేవరుప్పులకు తెచ్చినం. పొద్దు గూకకముందే ఎత్తాలంటున్రు. నువ్వు చీర పట్టుకొని రావాలె, రాజమల్లూ" అన్నాడు బావ.

మాలో పెళ్లయిన ఆడది చనిపోతే తల్లిగారింటి నుంచి చీర రావాలి. అది కప్పితేనే శవాన్ని లేపుతారు. అమ్మా బాపూ ఎప్పుడో పోయారు. అక్కకు తల్లిగారిల్లంటే నేనొక్కణ్నే. ఆ ఇంటిని చూసుకుని ఆమె మురిసిన రోజు ఒక్కటీ లేదు. ఏటా బతుకమ్మకు తోలుకపోతానని చెప్పేవాణ్ని, ఏటా సేటుకు ఏదో ప్రయాణం పడేది. "నీ తమ్ముడు సేటుకు డ్రైవరా, ఇల్లరికం అల్లుడా" అని అత్తింటివాళ్లు ఎత్తిపొడుస్తారని ఆమే నవ్వుతూ చెప్పేది. ఈసారి సమ్మె కదా, తప్పకుండా వస్తానని ముందే చీర కొని పెట్టాను. పసుపుపచ్చ చీర, ఎర్రంచు. ఇప్పుడు బట్టల దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఆ పండగ చీరనే తీసి, దాంట్లో గాజులు, కుంకుమ పొట్లం పెట్టి మూట కట్టింది నా భార్య రజని.

పోవడం ఎట్లా? పెట్రోలు బంకులు మూసేశారు. సేటు పెద్ద కారు వేసుకుని హైదరాబాదు పోయి అక్కడే చిక్కుకున్నాడు. నేను మూట పట్టుకుని గేటు దగ్గర నిలబడితే ఆయన కొడుకు నితిన్ బయటికొచ్చాడు.

"నా బండ్ల పోదాం నడువన్నా. ట్యాంకు నిండుగున్నది."

నితిన్ బండి అంటే ఎర్రటి జర్మనీ బండి. రెండే సీట్లు. హైదరాబాదులో ఎవరో మోజు తీరి అమ్మేస్తే కొన్నాడు. నేలకు జానెడెత్తు ఉంటుంది, మా స్పీడు బ్రేకర్ల మీద దాని కడుపు గీసుకుంటుంది. అందుకే షెడ్డు దాటింది తక్కువ. రోజూ తుడిచింది నేనే గాని లోపల కూర్చోవడం అదే మొదలు. రజనికి చోటు లేదు. ఆమె గేటు పట్టుకుని ఏడుస్తూ అక్కడే ఉండిపోయింది.

హన్మకొండ వైపు హైవే మొత్తం జనమేనని తెలిసి ములుగు రోడ్డు మీదుగా నర్సంపేట, కేసముద్రం, తొర్రూరు చుట్టు తిరిగి పోదామనుకున్నాం. రోడ్డు ఖాళీగా ఉంది. పిల్లగాడి ముఖంలో ఆనందం దాచుకుందామన్నా దాగలేదు. నన్ను చూసి మళ్లీ దిగులు ముఖం పెట్టేవాడు. మంచివాడే. చావుకు పోతున్నామని తెలుసు. కాని చేతిలో ఆ బండి, ముందర ఆ రోడ్డు.

"దీంట్ల ఒక దొంగ ఇగురం, కిటుకున్నదన్నా. కంపెనోళ్లు ఇచ్చిన పుస్తకంల రాయలే. నెట్ల ఎతికి పట్టిన" అన్నాడు. "గేరు స్పోర్ట్‌ల పెట్టాలె. టైర్లు జారకుండ ఆపే బటనుంటది సూడు, గది ఒత్తి పట్టుకోవాలె. ఎడమ కాలు బ్రేకు మీద గట్టిగ, కుడి కాలు ఎక్సలేటర్ మీద పూరాగ. ఇంజిను ఒక్కకాడ నిలవడి గుర్రుమంటది. మీటరు అద్దంల చిన్న జెండా గుర్తొస్తది. అప్పుడు బ్రేకు ఇడిస్తే బండి పోదు, ఎగురుతది."

"పుస్తకంల ఎందుకు రాయలే మరి?"

"ఊకె ఊకె కొడితే గేరుబాక్సు ఉడుకుతది. ఒకటి రెండు సార్లు కొట్టి సల్లారనియ్యాలె. లేకుంటే బండే మొండికేస్తది."

మల్లంపల్లి దగ్గర మొదటి అడ్డం. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పెద్ద గంజులో అన్నం ఉడుకుతోంది. బండి చూడగానే కుర్రవాళ్లు చుట్టూ మూగారు. నేను దిగి చేతులు జోడించి సంగతి చెప్పాను. చావుకు పోయే బండిని ఎక్కడా ఆపరు. ఆ ధైర్యంతోనే బయలుదేరాను.

"గీ బండ్ల సావుకు పోతున్రా?" అన్నాడు ఒకడు. "గిది పెండ్లికొడుకు బండి లెక్కున్నది గదనే."

"మా అక్క సచ్చిపోయింది తమ్మీ. ఇగో, తల్లిగారి చీర."

మూట విప్పి చూపించాను. అదే పొరపాటయింది. "కొత్త చీర, గాజులు. పెండ్లే పో. మనకు కత జెప్తున్నడు కాక" అని నవ్వారు. పొయ్యి దగ్గరున్న ముసలాయన ఒకాయన మాత్రం "పోనీయున్రి రా, పాపం తగుల్తది" అన్నాడు. ఆయన మాట విని దారి ఇచ్చారు గాని ఊరికే ఇవ్వలేదు.

"సరే సేటూ, ఒక్కసారి బండి లేపి పో. మేం సూడాలె."

నితిన్ నా వైపు చూశాడు. నేను మూట కట్టి లోపల కూర్చున్నాను. కుర్రవాళ్లు రెండు పక్కలకూ జరిగారు. వాడు బటన్ ఒత్తాడు, కాళ్లు తొక్కాడు. బండి నిలబడ్డ చోటనే రంకె వేసింది. బ్రేకు వదలగానే నా తల వెనక్కి కొట్టుకుంది, మూట ఒళ్లో నుంచి ఎగిరి పొట్టకు తగిలింది. వెనక జై తెలంగాణ అని కేకలు వినిపించాయి. తెలంగాణ వద్దని నేనేనాడూ అనలేదు. బాయి ముందర సమ్మె టెంటులో రోజూ కూర్చున్నవాణ్నే.

నర్సంపేటలో మా గురించి ముందే తెలుసు. మల్లంపల్లి వాళ్లు ఫోన్ చేశారట. అడ్డంగా పెట్టిన కర్రను ముందే ఎత్తి, రోడ్డుకు రెండు పక్కలా నిలబడి ఎదురుచూస్తున్నారు. ఎవరు చచ్చిందీ ఎవరూ అడగలేదు.

"ఎర్ర బండి నువ్వేనా అన్నా? మల్లంపల్లిల లేపినవట. నర్సంపేట ఏం పాపం జేసింది?"

నితిన్ మళ్లీ లేపాడు. ఊరు దాటాక అద్దం మీది గుర్తులు చూసుకుంటూ, "ఇంక కొట్టొద్దన్నా, ఏడి ఎక్కువున్నది" అన్నాడు. నాకూ ఆ వాసన తెలుస్తోంది.

అంతలో ఫోన్ మోగింది. బావ చిన్నాన్న పెంటయ్య.

"ఎక్కడిదాంక వొచ్చినవు?"

"నర్సంపేట దాటిన. వొస్తున్న మామా, జర ఆపున్రి."

"నువ్వు ఏటేటా వొస్తున్ననే అంటవు గద" అని పెట్టేశాడు.

కేసముద్రంలో మార్కెట్ యార్డు ముందర ట్రాక్టర్లు అడ్డం పెట్టారు. పత్తి మూటల మీద కూర్చున్న హమాలీలు, విద్యార్థులు, ఆడవాళ్లు, అందరూ ఉన్నారు. చుట్టు తిరిగి పోవడానికి సందు లేదు. ట్రాక్టరు తీయాలంటే వాళ్లే తీయాలి. నేను దిగి ఒక్కొక్కరి దగ్గరికీ పోయాను. నాయకుడిలా కనిపించినతను నా భుజం మీద చేయి వేశాడు. అతను నన్ను నమ్మాడు. అదే ఇప్పటికీ నా కడుపులో మండుతుంది.

"సమజైందన్నా. నీ దుఃఖం మా దుఃఖం. పిల్లలు పొద్దటిసంది ఎండల కూసున్నరు, జర వాళ్ల తృప్తికి ఒక్కసారి. ట్రాక్టర్ నేనే తీపిస్త."

"బండి ఉడుకుతున్నది అన్నా, నిజంగ" అన్నాడు నితిన్.

"సావుకారి కొడుకువు గద, పెట్రోల్ అయిపోతదని భయమా?" అన్నాడొక కుర్రవాడు. ఇంకొకడు అందుకున్నాడు. "తెలంగాణ అంటే ఈళ్లకు ఎప్పుడైన మనసున వట్టిందా? దుకాణం గల్ల నిండితే సాలు."

నితిన్ ముఖం మాడిపోయింది. వాళ్ల నాన్న మొదటి రోజే టిప్పర్లు ఆపి సమ్మెకు బియ్యం బస్తాలు పంపాడు. ఆ మాట నేను అరిచి చెప్పాను. ఎవరు విన్నారు? వాడు పళ్లు కొరికి బండి ఎక్కాడు. ఒకసారి లేపాడు. సెల్లులో తీసేవాడికి ఫోటో సరిగా పడలేదట, మళ్లీ వెనక్కి తెమ్మన్నారు. రెండోసారి లేపాడు. ఆడవాళ్లు చూడలేదట, ఇంకోసారి అన్నారు. నేను రోడ్డు మీద చీర మూటతో నిలబడ్డాను. ఆ ఎర్ర బండి ముందుకురకడం, జనం ఈలలు వేయడం, మళ్లీ మెల్లగా వెనక్కి రావడం చూస్తూ నిలబడ్డాను. దేవరుప్పులలో పడుకుని ఉన్నది వాళ్లెవరి అక్కా కాదు.

మూడోసారి బండి ఎగరలేదు. ముక్కుతూ కదిలింది. జనం "అరెరె" అన్నారు. నాయకుడు మాట నిలబెట్టుకుని ట్రాక్టరు తీయించాడు. ఇద్దరికీ విస్తరాకుల్లో పులిహోర కట్టి కూడా ఇచ్చాడు.

తొర్రూరు దాకా ఎట్లాగో ఈడ్చుకొచ్చింది. ఊరు దాటగానే అద్దంలో ఎర్ర దీపం వెలిగింది. గేరు మారడం లేదు. ఎక్సలేటర్ తొక్కితే ఇంజిను అరుస్తుంది, బండి మాత్రం ఎడ్ల బండిలా నడుస్తుంది. నితిన్ పత్తి చేను పక్కన ఆపేశాడు.

"సల్లారాలె అన్నా. జర సేపు."

ఆ జర సేపు ఎంతసేపో నాకు తెలియదు. వాడు బానెట్ లేపి, ఇంజినున్నది వెనకపక్కనని గుర్తొచ్చి మళ్లీ మూసి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నేను బావకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పెంటయ్యకు చేస్తే డప్పుల చప్పుడు వినిపించింది, మాట వినిపించలేదు. పొద్దు పత్తి చేను మీదకు వంగింది.

"నేన్ నడుస్త చిన్న సేటూ" అన్నాను.

"నా మీద కోపమా అన్నా?"

వాడిని ఏమనాలి? పిలవకుండానే వచ్చి సాయం చేసినవాడు. మూట భుజాన వేసుకున్నాను. కొంత దూరం నడిచాక పాలకుర్తి వైపు పోతున్న పాలాయన టీవీఎస్ మీద ఎక్కించుకున్నాడు. నా కత విని దేవరుప్పుల దాకా దింపాడు. దారిలో ఒక్కచోట కూడా మమ్మల్ని ఎవరూ ఆపలేదు. పాల క్యాన్ల బండిని చూసి పక్కకు జరిగి దారి ఇచ్చారు.

ఇంటి ముందర నీళ్లు చల్లి ఉన్నాయి. ఎవరూ లేరు. చెరువు వెనక బొందలగడ్డకు పరుగెత్తాను. మాలో పూడుస్తారు. నేను పోయేసరికి మట్టి కప్పేసి పార వెనుక వైపుతో చదును చేస్తున్నారు.

బావ నన్ను చూసి తల తిప్పుకున్నాడు. పెంటయ్య బీడీ పారేసి ఎదురొచ్చాడు.

"ఎంత సేపని ఆపాలె బిడ్డా? కడుపు ఉబ్బవట్టె."

"చీర లేకుండ ఎట్ల లేపిన్రు?"

"చీర లేకుండ ఎట్ల లేపుతం? యాకమ్మ కప్పింది. మీ ఊరి ఆడిబిడ్డే గద, తల్లిగారి దిక్కు నిలవడ్డది."

యాకమ్మ మా వీధి పిల్లే, ఈ ఊరికి కోడలుగా వచ్చింది. తడి కొంగుతో దూరంగా నిలబడి ఉంది. నా దగ్గరికి వచ్చింది.

"బతుకమ్మకు మా అన్న తెచ్చిన చీర అన్నా. ఇంక కట్టలే కూడ. దుకాణాలు లేకపాయె, నువ్వు రాకపాయె" అంది. "ముఖం సల్లగనే ఉండె. నిద్రపోయినట్టే ఉండె."

నా మూట ఆమెకు ఇయ్యబోయాను. చీరకు చీర. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దన్నా. పీనుగకు తెచ్చినది పెయ్యిమీద ఎట్ల కట్టుకుంట?"

ఆ మూటను ఇంటికి తిరిగి తీసుకుపోకూడదు. బొంద తవ్వండి, ఒక్కసారి ముఖం చూస్తాను అని అడగబోయి నోరు మూసుకున్నాను. మూట విప్పి చీరను ఆ మట్టి మీద పరిచాను. గాలికి లేచిపోతోంది. నల్లరేగడి నేల, వెతికితే ఒక్క రాయి దొరకలేదు. మట్టిపెడ్డలు తెచ్చి అంచుల మీద పెట్టాను. ఎండిన పెడ్డలు, పెట్టినవి పెట్టినట్టే పొడి అవుతున్నాయి. గాజులు మాత్రం నడుమ పెట్టాను.

"ఎన్నడు లేనిది ఇయ్యాల అక్క మీద పావురం, ప్రేమ పొంగుతున్నది" అన్నారెవరో వెనక. ఎవరని తిరిగి చూడలేదు.

జనం చెరువు వైపు కదిలారు. పూడ్చినంక తల్లిగారి మనిషి ముందు మునగాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. నేను లేచి చొక్కా విప్పబోయాను.

"నువ్వు ఆగకు, ఇంటికి పో" అన్నాడు పెంటయ్య. గొంతులో కోపం లేదు. "తల్లిగారి తానం యాకమ్మ మట్టి వడంగనే చేసింది."

వాళ్లు పోయారు. ఎగిరిపోతున్న అంచును మోకాలి కింద పెట్టుకుని నేనక్కడే కూర్చున్నాను.