నీతి పరీక్షలో రాని ప్రశ్న

మా స్కూల్లో మతాలు-నీతి అనే సబ్జెక్టుకు సొంత గది లేదు. కెమిస్ట్రీ ల్యాబులో, సింకుల పక్కన, వీపు ఆనించుకోవడానికి వీల్లేని ఎత్తు స్టూళ్ల మీద కూర్చుని దేవుడున్నాడా లేడా అని తేల్చేవాళ్లం. తేల్చడమంటే నిజంగా తేల్చడం కాదు. ఏ ప్రశ్న వచ్చినా జవాబుకు ఒకటే మూస. ముందు కొందరి వాదన, దానికి కారణాలు. తర్వాత మరికొందరి వాదన, దానికీ అన్నే కారణాలు. చివర మన ముగింపు. ముగింపు దగ్గర జారుకునేవాళ్లంటే మా టీచరమ్మకు ఒళ్లు మంట. "ఎవరికి వారే ఆలోచించుకోవాలి" అని రాస్తే పక్కన ఎర్రపెన్నుతో "గోడమీద పిల్లి" అని రాసి మార్కులు కోసేది.

నాకెప్పుడూ కోయలేదు. ఆ సబ్జెక్టులో నేనే ఫస్టు. యుద్ధం, ఉరిశిక్ష, మాంసం తినడం, ఏదిచ్చినా రెండు వైపులా వాదించి, ఏ వైపు కారణాలు బాగా కుదిరితే చివర ఆ వైపుకు దూకేదాన్ని. అది నేను నమ్మానో లేదో ఎవరికీ పట్టదు. మా నాన్న లిఫ్టు మెకానిక్. సాయంత్రాలు చేతులకంటిన గ్రీజు వదిలించుకుంటూ, నేను పైకి చదివేవన్నీ వినేవాడు. "నీతి పరీక్షలో కాపీ కొడితే సున్నా వేస్తారా, నరకానికి పంపిస్తారా?" అని అడిగేవాడు. నాకు చిర్రెత్తుకొచ్చేది. అమ్మ మాత్రం ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేది.

ఆ నాన్న ఒక ఆఫీసు బిల్డింగులో, లిఫ్టు మోటారు గదిలో, పని మధ్యలో కుప్పకూలిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. అప్పట్నుంచీ ఆస్పత్రిలో నోట్లో గొట్టంతో, ఉలుకూ పలుకూ లేకుండా పడుకుని ఉన్నాడు. మెషీను ఊపిరి ఊదుతుంటే ఛాతీ లేస్తోంది, పడుతోంది. అమ్మ డ్రైక్లీనింగ్ షాపులో ఇస్త్రీ చేస్తుంది. ఆ అలవాటుకొద్దీనేమో, పక్కన కూర్చున్నంతసేపూ ఆయన దుప్పటి మీద ముడతలు అరచేత్తో సాపు చేస్తూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని ఎదురుచూశాను కూడా. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎలా అయిపోతుందో, నేను మొత్తం అలా అయిపోయాను. స్కూలుకు వెళ్లమంటే వెళ్లాను. తినమంటే తిన్నాను.

వారం తిరక్కుండానే డాక్టరమ్మ మమ్మల్ని ఒక చిన్న గదిలోకి పిలిచింది. తెరుచుకోని కిటికీ, ప్లాస్టిక్ కుర్చీలు, టేబుల్ మీద టిష్యూల డబ్బా. ఇది ఏడవడానికి పెట్టిన గది అని చూడగానే తెలిసిపోయింది. అమ్మ, నేను, నాన్నకు అన్నగారైన పెదనాన్న, అమ్మకు తమ్ముడైన మామయ్య కూర్చున్నాం.

"మెదడు బాగా దెబ్బతినిపోయింది. ఆయన మళ్లీ లేచి మిమ్మల్ని గుర్తుపట్టడం జరగదు," అంది డాక్టరమ్మ. "మెషీను మీద ఇలాగే ఇంకొన్నాళ్లు ఉంచొచ్చు. తీసేస్తే మాత్రం ఎక్కువసేపు ఉండరు. మీరంతా ఒక మాట మీదకి వచ్చి నాకు చెప్పండి."

"ఊపిరి మనమిచ్చామా, మనం ఆపడానికి?" అన్నాడు పెదనాన్న. "నా తమ్ముణ్ని నా చేతుల్తో నేను పంపలేను."

"ఆయన ఊపిరి తీసుకుంటే కదా బావగారూ! తీసుకుంటోంది మెషీను," అన్నాడు మామయ్య. మందుల షాపు నడుపుతాడు కాబట్టి ఆస్పత్రి విషయాల్లో తనకు తిరుగులేదని ఆయన నమ్మకం. "ఆ గొట్టాలతో మనిషిని అలా హింసపెట్టడం మాత్రం న్యాయమా?"

మాటా మాటా పెరిగింది. అమ్మను ఇద్దరూ అడగలేదు. ఇంతలో పెదనాన్న నావైపు తిరిగాడు.

"అమ్మలూ, నువ్వు ఇవన్నీ చదువుకుంటున్నావుగా. అన్ని మతాల సంగతీ తెలుసు. నువ్వు చెప్పు."

"అవును, పిల్లని చెప్పనివ్వండి," అన్నాడు మామయ్య కూడా. నేను తనవైపే చెబుతానని ఎవరికి వారికి ధీమా.

విచిత్రమేమిటంటే, అర్ధసంవత్సర పరీక్షలో నాకు అచ్చం ఈ ప్రశ్నే వచ్చింది. నోరు దానంతటదే తెరుచుకుంది. "కొందరి దృష్టిలో ప్రాణం పవిత్రమైనది. అది మనిషి ఇచ్చింది కాదు కాబట్టి తీసే హక్కు మనిషికి లేదు," అన్నాను. పెదనాన్న తలాడించాడు. "మరికొందరి దృష్టిలో కోలుకునే ఆశ లేనప్పుడు మరణాన్ని వాయిదా వేయడం కరుణ కాదు," అన్నాను. ఈసారి మామయ్య తలాడించాడు. గొంతు ఎక్కడా వణకలేదు. ఎవరి నాన్న గురించో చెబుతున్నట్టు చక్కగా, పొల్లుపోకుండా అప్పజెప్పాను.

ఆగాను. పరీక్షలో నేను రాసిన ముగింపు నాకు గుర్తుంది. మెషీను తీసేయడమే మానవత్వం అని రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఇక్కడ ఆ మాటంటే నాన్న సాయంత్రానికి ఉండడు. దానికి ఎదురుమాటంటే ఆ గొట్టంతో అలాగే ఉంటాడు. ఏదన్నా సరే, ఈ పెద్దవాళ్లిద్దరూ దాన్ని నా నెత్తిన పెట్టేసి ఇంటికెళ్లి పడుకుంటారు.

"ఎవరికి వారే ఆలోచించుకోవాలి," అన్నాను.

"అదేంటే, తీరా చివరికొచ్చేసరికి నీళ్లు నములుతావు!" అన్నాడు మామయ్య.

"దాన్ని వదిలెయ్యరా," అంది అమ్మ. ఆ గదిలోకి వచ్చాక ఆమె మాట్లాడటం అదే మొదలు. కుర్చీ నావైపు జరుపుకుని నా రెండు చేతులూ పట్టుకుంది. ఇస్త్రీపెట్టె పట్టుకుని పట్టుకుని అమ్మ చేతులు గరుకుదేలి ఉంటాయి.

"కారణాలేం చెప్పకు. నీకు నాన్న కావాలా, వద్దా?"

"కావాలి," అన్నాను.

అప్పుడు పగిలింది గొంతు. "నాకు నాన్న కావాలమ్మా," అని మళ్లీ అన్నాను. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో ఏడుపంతా ఒక్కసారిగా మీదపడింది. ముక్కూ మొహం ఏకమయ్యేలా ఏడ్చాను.

"నాకూ కావాలి," అంది అమ్మ. నా చేతులు వదలకుండానే తలెత్తింది. "మీకు, బావగారూ?"

"అదేం మాటమ్మా! వాడు నా తమ్ముడు," అన్నాడు పెదనాన్న.

"నీకురా?"

మామయ్య అప్పటిదాకా చేసిన వాదనలన్నీ ఎటు పోయాయో. "ఎందుకొద్దక్కా," అని మొహం కిటికీవైపు తిప్పేసుకున్నాడు.

అమ్మ నా చేతులమీద అరచేత్తో ఒకసారి సాపు చేసింది.

"అయితే ఆయన్ని మాలో ఎవ్వరమూ వద్దనుకోలేదు," అని డాక్టరమ్మవైపు తిరిగింది. "ఇక తీసేయండి."