ఎడమ పక్క కుర్చీ

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మా ఊరి లూథరన్ చర్చి కింది గదిలో, ఎన్నికలప్పుడల్లా ఓట్ల బల్ల దగ్గర, ఎడమ పక్క కుర్చీ నాది, కుడి పక్కది నా స్నేహితురాలు లవాన్‌ది. బల్ల దగ్గర రెండు పార్టీల వాళ్ళూ కూర్చోవాలి, అది రూలు. నేను డెమోక్రాట్‌ని, అది రిపబ్లికన్. నెబ్రాస్కాలో మా మూల డెమోక్రాట్లు దొరకడమే కష్టం. దొరికినవాళ్ళలో ఈ పనికి ఒప్పుకునేది నేనొక్కదాన్నే.

ఈ ఏడు కౌంటీ కమిషనర్ పదవికి మా పార్టీ తరఫున నిలబడే నాథుడే లేడు. రిపబ్లికన్లు ఇద్దరున్నారు. మే నెల ప్రైమరీలో వాళ్ళ పార్టీవాళ్ళు ఎవర్ని ఎంచుకుంటే నవంబరు ఎన్నికల్లో గెలిచేది అతనే. వాళ్ళలో స్ట్రోంబర్గ్ గెలిస్తే కౌంటీ వృద్ధాశ్రమం మూసేస్తాడు. ఆ మాట దాచుకోలేదు, బోర్డులు పెట్టి మరీ చెప్పాడు. పక్షవాతం వచ్చిన నా మొగుడు ఓరిన్ మూడేళ్ళుగా అక్కడే ఉన్నాడు. రోజూ మధ్యాహ్నం నేను వెళ్ళి తినిపించి వస్తాను. మూసేస్తే అతన్ని తొంభై మైళ్ళ అవతల పెడతారు. నా చూపుతో హైవే మీద కారు నడపలేను.

రెండోవాడు వెండెల్ క్రూజ్. రైల్వే సమ్మెప్పుడు ఓరిన్‌నీ తోటివాళ్ళనీ సోమరిపోతులని పేపరుకెక్కించిన పెద్దమనిషి. అతను నోరు తెరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ వాళ్ళమ్మ కూడా ఆ ఆశ్రమంలోనే ఉంది, దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు.

వాళ్ళ ప్రైమరీలో ఓటెయ్యాలంటే వాళ్ళ పార్టీలో పేరు రాయించుకోవాలి. ఏప్రిల్లో కౌంటీ ఆఫీసుకు వెళ్ళి ఫారం నింపాను. సంతకం పెడుతుంటే దొంగతనం చేస్తున్నట్టే ఉంది. అక్కడి నుంచి తిన్నగా ఓరిన్ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను.

"క్రూజ్‌కా?" అన్నాడు. నోరు ఒక పక్కే కదులుతుంది, కోపం మాత్రం రెండు పక్కలా వస్తుంది. "దానికంటే నన్ను తొంభై మైళ్ళు పంపించెయ్యి."

"నువ్వు పోతావు. మరి నేనో?"

"ఓట్లవగానే మళ్ళీ మారకపోయావో, విడాకులే" అన్నాడు. సూప్ తాగాడు.

లవాన్‌కి మాత్రం చెప్పలేక తప్పించుకు తిరిగాను. ఆశ్రమానికి కట్టే పన్నుతో తన పొలం మునిగిపోతోందని ఏడేళ్ళుగా మొత్తుకుంటోంది. ఎవరికి ఓటేస్తుందో అడగక్కర్లేదు. పైగా నేను పార్టీ మారాక ఎడమ కుర్చీలో డెమోక్రాట్ లేకపోతే మా బూత్ ఎత్తేసి, ముసలివాళ్ళందర్నీ నలభై మైళ్ళు తిప్పుతారు. ఆ పాపం నాదే.

ఓట్లకు వారం ముందు కౌంటీ క్లర్క్ ఫోన్ చేసింది. "ఆర్లిస్‌గారూ, ఎప్పట్లాగే వచ్చెయ్యండి. ఈసారి మీది కుడి కుర్చీ."

"మరి ఎడమ దాంట్లో?"

"దొరికార్లెండి."

కుడిది లవాన్‌ది కదా అనబోయేలోపు ఫోన్ పెట్టేసింది. సంగతి తెలిసి, నా పక్కన కూర్చోనని లవాన్ మానేసిందేమో అనుకున్నాను.

తీరా ఓట్ల రోజు వెళ్ళేసరికి లవాన్ ఎడమ కుర్చీలో కూర్చుని ఉంది. మెడలో డెమోక్రాట్ అని రాసిన కార్డు.

"అలా నోరెళ్ళబెట్టకే, ఈగలు దూరతాయి. కూర్చో."

"ఇదేంటే లవాన్?"

"నువ్వు గోడ దూకావట, బూత్ ఎత్తేస్తామన్నారు కౌంటీ ఆఫీసువాళ్ళు. నేనూ దూకాను."

"నీ ఓటు పోయింది కదే! స్ట్రోంబర్గ్‌కి..."

తను తెచ్చిన రూబార్బ్ కేకు ముక్కలు కోస్తోంది. నా వైపు చూడలేదు. "పన్నుల గురించి ఆయన చెప్పేది ముమ్మాటికీ నిజం. ఇప్పుడూ అదే అంటాను. కానీ ఆయనకి ఓటేసి, మర్నాడు ఓరిన్ మొహం ఎలా చూడను? పోనీ క్రూజ్‌కి వేద్దామంటే చెయ్యి రాదు. అందుకే ఇద్దరికీ వెయ్యక్కర్లేని చోటికొచ్చి కూర్చున్నా. బూత్ ఒక వంక అనుకో."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ దాన్ని తప్పించుకు తిరిగినందుకు సిగ్గేసింది.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దాని బ్యాలెట్ డెమోక్రాట్ల కట్టలోంచి నా చేత్తోనే చించి ఇచ్చాను. కమిషనర్ అన్న చోట పేరే లేదు.

"ఇక్కడ ఎవరూ లేరేంటే?" అంది లవాన్.

"మా పార్టీలో ఇంతే. అలవాటవుతుందిలే."

తర్వాత తెర చాటుకు వెళ్ళి నా బ్యాలెట్ మీద క్రూజ్ పేరు పక్కన గడి నల్లగా దిద్దాను.

క్రూజ్ పంతొమ్మిది ఓట్లతో గెలిచాడు. మర్నాడు మధ్యాహ్నం మిగిలిన కేకు పట్టుకుని లవాన్ కూడా నాతో ఆశ్రమానికి వచ్చింది. ఓరిన్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. బాగున్న చేత్తో మంచం పక్కన కుర్చీ చూపించాడు, నాకు కాదు.

"లవాన్, నువ్విలా రా. మన పార్టీదానివి. ఆవిడతో నాకు మాటల్లేవు."

లవాన్ నవ్వబోయి ఏడ్చేసింది. ఆ రోజు ఓరిన్‌కి సూప్ తాగించింది అదే.