క్విన్సు తొక్కల మూట

అక్కాచెల్లెళ్ళ ఇళ్ళ మధ్య ఇల్లు కట్టుకోవడం నా బుద్ధితక్కువ. ఇటు అక్క అల్జీరా, అటు చెల్లెలు ఉంబెలీనా. వాళ్ళమ్మ పోయాక చీటీలు వేసి అన్నీ పంచుకున్నారు. పెరట్లో క్విన్సు చెట్టు అక్కకి వచ్చింది. పచ్చిగా కొరికితే వగరెక్కే ఆ పసుపు కాయలు ఉడికించే రాగి బాన చెల్లెలికి వెళ్ళింది. బాన ఇవ్వమని అక్క అడగలేదు, కాయలు పెట్టమని చెల్లెలు అడగలేదు. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. గోడ గురించీ కోళ్ళ గురించీ కబుర్లు మోసి నా కాళ్ళు అరిగాయి.

అల్జీరా ఏటా అక్టోబరులో అల్యూమినియం గిన్నెలోనే జామ్ చేసేది. అది నల్లగా వచ్చేది, బాగుందని అందరం అబద్ధమాడేవాళ్ళం. ఆమె చేసే అసలు పాపం అది కాదు. కండ జామ్‌కి, తొక్కలూ గింజలూ జెల్లీకి; మా బెయ్‌రా కొండల్లో ఏ ఇంట్లోనైనా అంతే. వాళ్ళమ్మ ఉన్నప్పుడు జామ్ అక్క వంతు, జెల్లీ చెల్లెలి వంతు. పంపకాలయ్యాక అల్జీరా ఆ తొక్కలూ గింజలూ పందికి పోసేది, అదీ చెల్లెలి కిటికీకి కనిపించేలా. ఉంబెలీనా చూసి తలుపేసుకునేది.

ఈ ఏడు చెట్టుకి తెగులు పట్టి కొమ్మలు మాడిపోయాయి. వ్యవసాయ శాఖ మనిషి చూసి, నరికి తగలబెట్టమన్నాడు. ఒక్క బుట్ట కాయలు దిగాయి. వాళ్ళమ్మ నాటిన చెట్టు అది. నాకే ప్రాణం ఉసూరుమంది.

తొక్కలు తీయడానికి సాయం వెళ్ళాను. పనయ్యాక అలవాటుగా బకెట్టు పట్టుకుని పందిదొడ్డి వైపు లేచాను.

"అక్కడ పెట్టు," అంది అల్జీరా.

"పందికి కాదా అక్కా?"

"అది ఇప్పటికే బలిసింది."

ఉతికిన తెల్లగుడ్డలో తొక్కలూ గింజలూ మూటకట్టింది. "దానికిచ్చిరా. నల్లబడకముందే."

"ఏమని చెప్పను?"

"తొమ్మిదేళ్ళుగా వాగుతూనే ఉన్నావుగా. ఈ ఒక్కసారికి నోరు మూసుకో."

ఉంబెలీనా మూట విప్పి చూసింది. "ఏమే, దాని పంది చచ్చిందా?"

వద్దన్నంత మాత్రాన ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? "చెట్టుకి తెగులు. రేపు నరికేస్తున్నారు," అన్నాను.

ఆమె ముక్కాలిపీట మీద కూలబడింది. గింజల్లో వేళ్ళు పెట్టి చాలాసేపు కదిపింది. తర్వాత లేచి, ఉప్పూ నిమ్మచెక్కా తీసుకుని రాగి బాన తోమడం మొదలుపెట్టింది.

"ఈ కాసిని తొక్కలకి అంత బానెందుకే?"

"తొక్కలకి చిన్నగిన్నె చాలు. ఇది దాని జామ్‌కి. ఊళ్ళోవాళ్ళని ఇంకా ఎన్నాళ్ళు ఆ నల్లజామ్ తినమంటుంది? బానకి ఆ పక్క చెవి పట్టుకో."

చెరో చెవీ పట్టుకుని నా ఇంటి ముందు నుంచే నడిచాం. అల్జీరా గుమ్మంలోకి వచ్చింది. నా చేతిలోంచి బాన చెవి తీసుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని పొయ్యి మీదకి ఎక్కించారు.

"గింజలు తక్కువున్నాయి," అంది ఉంబెలీనా. తొమ్మిదేళ్ళకి ఆమె అక్కతో అన్న మొదటి మాట అది. "జెల్లీ గడ్డకట్టొద్దూ?"

"ఓ గుప్పెడు దాచాను. నాటడానికి."

"ఎక్కడ?"

"నీ పెరట్లో. బాన ఉండేది అక్కడేగా."

"గింజ నుంచి కాయ రావాలంటే ఏడేళ్ళు పడుతుందే అక్కా."

"తొమ్మిదేళ్ళు ఊరికే పోగొట్టుకున్నాం కదా," అంది అల్జీరా.

నన్నెవరూ కూర్చోమనలేదు. అయినా కూర్చున్నాను.