గుమ్మపాల గుట్టు

పద్మనాభయ్యకు నెల రోజులుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం, తెల్లారేసరికి మాయం. నడుం నొప్పి అదనం. అయినా పశువుల డాక్టరు క్యాథరిన్ గారు ఊళ్లోకి వచ్చిన రోజున దుప్పటి కప్పుకునే వీధిలో నిలబడి ఉపన్యాసం దంచేశాడు. దేశంలో ఏ ప్రాంతపు గొడ్లకు చూలు పోగొట్టే బ్రూసెల్లా జబ్బు ఎంత శాతం ఉందో లెక్క తీస్తున్నారట. విడవలూరు మండలంలో ఈ ఊరి పేరు తగిలింది.

"అది పై రాష్ట్రాల జబ్బమ్మా! మా బర్రెను చూడండి, ఏనుగు మాదిరుంది. సున్నా అని రాసేసుకోండి!"

డాక్టరమ్మ బర్రెకు రక్తం తీసింది. దుప్పటి వైపు కూడా ఓ చూపు చూసి, "మీరు నెల్లూరు పెద్దాసుపత్రిలో ఇదే పరీక్ష చేయించుకోండి," అంది.

వారం తర్వాత రెండు కాగితాలూ వచ్చాయి. బర్రెకు జబ్బు లేదు. పద్మనాభయ్యకు ఉంది.

ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆయన భార్య ఆదిశేషమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇది పచ్చిపాలతో మనుషులకూ అంటుతుంది. ఎక్కడో తాగారు మీరు," అంది డాక్టరమ్మ. "ఆ బర్రెకు పరీక్ష చెయ్యాలి. ఆ ఇంట్లో వాళ్లకూ ప్రమాదమే."

"మా ఇంట్లో పొంగించకుండా చుక్క పాలు ఇయ్యను," అని ఆదిశేషమ్మ మొగుడి మీదికి తిరిగింది. "ఏమయ్యా, రోజూ తెల్లారి నడకని పొయ్యి యాడ తాగినావు? ఎవతి అది?"

హవ్వ! అరవై ఏళ్ల మనిషిని పట్టుకుని ఎంత మాట! ఎనిమిదేళ్ల కిందట పద్మనాభయ్య, చెల్లెలు సాయిలక్ష్మి తన గృహప్రవేశంలో ఆదిశేషమ్మను చివరి బంతిలో కూర్చోబెట్టిందని, ఇక ఆ గడప తొక్కనని భార్య నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మాట తప్పలేదు మహానుభావుడు. గడప తొక్కలేదు. రోజూ పక్క ఊరికి నడిచి, పెరటి దోవన పశువుల పాకలో దూరి, చెల్లెలు పిండీపిండగానే నురగతో అందించే గుమ్మపాలు తాగి, మూతి తుడుచుకుని వచ్చేవాడు.

చెప్తే ఇంట్లో ప్రళయం. చెప్పకపోతేనో? చెల్లెలు కూడా నిన్న నడుం పట్టుకుని మూలిగింది. ఆమె రెండు బర్రెల్లో ఒకటి ఏడో నెలలోనే ఈసుకుపోయి దూడ దక్కలేదు. ఆ ఇంట్లో మూడేళ్ల మనవరాలుంది. ఆ పిల్లా ఆ పాలే తాగితే?

"మా సాయిలక్ష్మి కాడ," అన్నాడు కళ్లు మూసుకుని. "గడప తొక్కలేదే! పాకలోనే తాగినా!"

ఆదిశేషమ్మ చరచరా లోపలికి పోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మను, మొగుడిని వెంటేసుకుని ఆదిశేషమ్మే ముందు నడిచింది. డాక్టరమ్మ పాకలోకి పోయింది. ఆదిశేషమ్మ సాయిలక్ష్మి ఇంటి గడప దాటి నేరుగా వంటింట్లో తేలింది.

"ఏం సాయిలక్ష్మీ, మీ అన్నకు పచ్చిపాలు పోసి చంపుతావా? నువ్వూ అవే తాగుతున్నావా? మొహం ఎట్టా పీక్కుపోయిందో చూడు!" అని తిడుతూనే ఆడబిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. పొయ్యి వెలిగించి పాలగిన్నె ఎక్కించింది. "రేపు నాతో ఆసుపత్రికి రా. పిల్లను కూడా తీసుకురా."

"వదినా..." అని సాయిలక్ష్మి బావురుమంది.

వాకిట్లో పద్మనాభయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత గడప మీదికి కాలెత్తాడు.

"ఆగు!" లోపల్నుంచి కేక. "ఒట్టేసింది నువ్వు. నేను కాదు."

ఆదిశేషమ్మ మూడు పొంగులు రానిచ్చిన పాలు గ్లాసులో పోసి తెచ్చి, గడప బయట పెట్టింది.

"పో, పాకలో తాగు."