అన్న గొంతు

టీవీలో శ్రీశైలం చెవి వెనక చెయ్యి పెట్టి ప్రతి మాటా అరిచి చెప్తాడు. ఆ ఒక్క వేషంతోనే సినిమాలూ వచ్చాయి. జనం దాన్ని నటన అన్నారు. నటన ఏం కాదు, అది అన్న వెంకటేశం గొంతు. సిరిసిల్లలో మరమగ్గాలు మూతపడితే భీవండికి వలసపోయి, అక్కడి సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో చెవులు పోగొట్టుకుని వచ్చిన మనిషి అతను.

కోరుట్లలో కొత్త బట్టల దుకాణానికి రిబ్బను కత్తిరించి, తిరిగి పోతూ శ్రీశైలం సిరిసిల్లలో అన్న ఇంటి దగ్గర ఆగాడు. గుమ్మం నిండా జనం. అన్న నవ్వుతూ చూస్తున్నాడే గాని నోరు విప్పడం లేదు.

"అన్న మాట్లాడుతలేడేంది వదినా?"

"ఎట్ల మాట్లాడుతడు? బయటికి పోతే పోరగాండ్లు చెవి కాడ చెయ్యి వెట్టి ఒర్రుతున్నరు. గప్పటిసంది నోరు మూసుకున్నడు," అంది ఊర్మిల, మరిది ముఖం చూడకుండా.

శ్రీశైలం అన్న పక్కన కూర్చుని, "తప్పయింది అన్నా" అన్నాడు.

వినపడలేదు. వెంకటేశం చెవి వెనక చెయ్యి పెట్టాడు.

"తప్పయింది అన్నా," ఈసారి అరిచాడు శ్రీశైలం.

గుమ్మంలో జనం పగలబడి నవ్వారు. ఇంకోసారి చెయ్యమన్నారెవరో.

వెంకటేశం చెవి దగ్గరి చెయ్యి మెల్లగా దించుకున్నాడు.