పదో మాట

టీ వడగడుతూ చెవులు రెండూ హాల్లోకి పారేశాను. చాడీల కోసం కాదు, హోంవర్క్ కోసం. సాయంత్రం ఇంగ్లీషు క్లాసులో మా టీచర్ పెట్టిన పని అది. మీ చుట్టుపక్కల మనుషులు వాడే మాటలు వారానికి పది విని రాసుకురండి, అర్థాలు నేను చెప్తాను అంది. మిగతావాళ్ళు బస్సుల్లో, దుకాణాల్లో విన్నవి తెస్తారు. నాకంత తిరుగుడెక్కడిది? పొద్దున్న ఇంటిపని, తర్వాత పళ్ళ డాక్టరమ్మగారి ఆస్పత్రిలో వెనకగదిలో నిలబడి పనిముట్లు కడిగే పని, మళ్ళీ ఇంటిపని. నా చెవిన ఇంగ్లీషు పడేది ఆదివారాలు మా పెద్ద ఆడపడుచు వచ్చి, తమ్ముడితో కబుర్లకి కూర్చున్నప్పుడే.

మా ఇంట్లో అదొక పద్ధతి. నాకు తెలియకూడనిది ఏదైనా ఉంటే నా ఎదురుగానే ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. తలుపు వేసుకునే శ్రమ కూడా లేదు. పెళ్ళైన కొత్తలో అడిగితే "ఆఫీసు గోలలే, నువ్వు కూర చూసుకో" అన్నారు ఆయన. పదకొండేళ్ళు కూర చూసుకున్నాను. మధ్యలో 'షీ' అని వినబడితే మాత్రం నా గురించేనని తెలిసి ఒళ్ళు మండేది.

మొదటి వారం క్లాసులో నా జాబితా పైకి చదివాను. స్లో. బర్డెన్. స్టబర్న్. యూజ్‌లెస్. నా పక్కన బట్టలకొట్టు అమ్మాయి కర్టెన్, డిస్కౌంట్ అని తెచ్చుకుంది. టీచర్ అర్థాలు బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగి, "ఇవన్నీ ఎక్కడ విన్నారమ్మా?" అంది. ఇంట్లోనేనండీ అన్నాను. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికి నడుస్తూ దారంతా ఏడ్చాను. మర్నాటి నుంచి టీచర్ నన్ను క్లాసయ్యాక కూర్చోబెట్టి, ఫోన్లో ఎలా మాట్లాడాలో నేర్పడం మొదలుపెట్టింది.

ఎందుకంటే ఆస్పత్రిలో ముందు టేబుల్ దగ్గర అమ్మాయి మానేస్తోంది. "ఫోనెత్తి నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడగలిగితే ఆ కుర్చీ నీదే" అన్నారు డాక్టరమ్మగారు. ఏడేళ్ళుగా నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయినదాన్ని, కుర్చీ అన్నమాటకే ప్రాణం లేచొచ్చింది. ఆయనకి చెబితే "చూద్దాంలే" అన్నారు. ఆ చూద్దాం కాస్తా నెలైంది. రేపు నేను జవాబు చెప్పాలి.

టీ కప్పులు తీసుకెళ్ళాను. నన్ను చూడగానే మాట ఇంగ్లీషులోకి దిగింది. నా ఉద్యోగం సంగతి ఏమైందని వదిన అడిగింది. ఆయన బిస్కెట్టు టీలో ముంచుకుంటూ చెప్పారు.

"ఐ టోల్డ్ ది డాక్టర్ షీ డజంట్ వాంట్ ఇట్. షీ ఈజ్ ఇన్‌కేపబుల్ అక్కా, పాపం."

నాకు ఇష్టం లేదని డాక్టరమ్మగారికి ఫోన్ చేసి చెప్పేశారన్నమాట. ప్రతి ముక్కా అర్థమైంది, ఒక్కటి తప్ప. అదీ తెలిసినట్టే, చివర్న ఆ పాపం తెలుగే కదా. ఉన్న టీ అంతా ఆయన ఒళ్ళో పోద్దామనిపించింది. పోస్తే తుడవాల్సింది మళ్ళీ నేనే. ట్రే బల్ల మీద పెట్టి, లోపల్నించి నోటుబుక్కు తెచ్చుకున్నాను.

"ఇన్‌కేపబుల్ అంటే ఏంటి వదినా? ఇవాళ తొమ్మిది రాశాను, పదోది కావాలి. డాక్టర్‌కి చెప్పేశారన్నంతవరకూ నాకు అర్థమైందిలెండి."

ఆయన చేతిలో బిస్కెట్టు విరిగి టీలో పడింది. వదిన గోడకేసి చూసింది.

"అంటే... కాస్త మొహమాటం ఎక్కువని" అన్నారాయన.

"అలాగా" అని ఆయన చెప్పిన అర్థం ఆయన చెప్పినట్టే రాసుకున్నాను. రేపు టీచర్ దిద్దుతుంది. తర్వాత వాళ్ళ ముందే నిలబడి ఫోన్ కలిపాను.

"డాక్టర్, ఐ వాంట్ ది జాబ్. హీ డిడ్ నాట్ ఆస్క్ మీ."

"ఇంకొకరికి మాటిచ్చేశానే" అన్నారు డాక్టరమ్మగారు. అంతలోనే, "సరే, రేపు నువ్వూ వచ్చి ముందు టేబుల్ దగ్గర కూర్చో, చూద్దాం" అన్నారు.

కూర్చో అన్నారు. ఇప్పటికి అది చాలు.

ఫోన్ పెట్టేసి కప్పులు బల్ల మీదే వదిలేశాను. వదిన తమ్ముడివైపు వంగి, నా గురించి ఏదో అనబోయి, ఏ భాషలో అనాలో తెలియక నోరు మూసుకుంది.