బొమ్మకాళ్ళు

నడుముకు తోలుపట్టీ బిగించి, భుజాల మీద పాతగుడ్డ మడతపెట్టుకుని అతను బొమ్మలోకి దూరాడు. పన్నెండడుగుల రాజు బొమ్మ. వెదురుబద్దల గూడు, దాని మీద కాగితం, కాగితం మీద రంగు. రాజుగారి పొట్ట మీద చిన్న కంత. అందులోంచి రోడ్డూ, మనుషుల నడుములూ తప్ప మరేమీ కనపడవు. బయటివాళ్ళకు కనపడేవి అతని కాళ్ళే. అందుకే ఊళ్ళో అతని పేరు బొమ్మకాళ్ళు. ఏడాది పొడుగునా పేము కుర్చీలు అల్లి బతికే మనిషికి, కార్నివాల్ పూట చేసే పనిని బట్టి పేరు పెట్టడం ఊరి న్యాయం.

తెల్లవారినప్పటి నుంచీ వాన. పెద్ద వానేం కాదు, చలితో కలిసి ఎముకల్లోకి దిగే జల్లు.

"ఈసారి సరిగ్గా వంగండి," అంది పొద్దున భార్య, దుప్పట్లోంచి. రెండు నెలలుగా ఆయాసంతో మంచం పట్టింది. "పోయినేడు రెండోసారి వంగడం ఎగ్గొట్టారు."

"ఎగ్గొట్టలేదే, మోకాలు పట్టేసింది."

"రాజుకు మోకాళ్ళ నొప్పులేమిటండీ!" అని నవ్వబోయి దగ్గింది. కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుంటానంది.

పెళ్ళయిన ఏడాది మొదలు ఇరవయ్యారేళ్ళుగా ఆ మేడమీది కిటికీ కింద రాజు మూడుసార్లు వంగుతాడు. లోపలున్నవాడికి పైకి చూసే వీల్లేదు. ఆమె చూసిందో లేదో ఇంటికెళ్ళాక ఆమె పెట్టే వంకల్ని బట్టే తెలిసేది. ఊరంతా రాజును చూసేది. అందులో తనను చూసేది ఆమె ఒక్కతే. ఆ సంగతి అతనెవరికీ చెప్పలేదు గాని, ఆ ఒక్కదానికోసమే ఏటా ఆ బరువు మోసేవాడు.

ఊరేగింపు బయల్దేరింది. జనం పలచగా ఉన్నారు. పులివేషం పిల్లలూ ఎలుగుబంటి వేషం పిల్లలూ పైన రెయిన్‌కోట్లు తొడుక్కోవడంతో అందరూ ఒకే పసుపురంగు జంతువయ్యారు. తడిసిన డ్రమ్ము బద్దుబద్దుమంటోంది.

మార్కెట్ మలుపులో కమిటీ పెద్దాయన గొడుగెత్తి కేకేశాడు. "ఇక చాలు, వెనక్కి తిప్పేయండి! బొమ్మ నానిపోతోంది."

ఇల్లు ఆ పక్క వీధిలోనే ఉంది.

బొమ్మలో ఉన్నవాడు దిగేదాకా మాట్లాడకూడదు. అది ఊరి కట్టుబాటు. 'మా ఆవిడ కూర్చుని ఉందండీ' అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. బ్యాండు వెనక్కి తిరిగింది. రాజు తిన్నగా నడిచాడు.

"ఏమయ్యా బొమ్మకాళ్ళూ, ఎటు? చెవుడొచ్చిందా?"

డ్రమ్మాయనకు ఏం అర్థమైందో, వాయిస్తూ వెంట వచ్చాడు.

కంతలోంచి ఆకుపచ్చ తలుపు కనపడగానే ఆగాడు. మొదటిసారి వంగాడు. రాజుగారి చెవి ఊడి కాలవలో పడింది. రెండోసారి మోకాలు కలుక్కుమన్నా పూర్తిగా వంగాడు. మూడోసారి ఎన్నడూ లేనంత కిందికి వంగితే కిరీటంలో నిలిచిన నీళ్ళన్నీ మెడ మీదికి దిగాయి. లోపల ఒక్కడే నవ్వుకున్నాడు.

షెడ్డులో బొమ్మ దించాక పెద్దాయన చీవాట్లు పెట్టాడు. ఇప్పుడు మాట్లాడవచ్చు. కానీ ఆగకుండా ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

మెట్ల మీద వదిన నిలబడి ఉంది, భార్యకు అక్క. "మరిదీ, మెల్లగా రా," అంది. ఆమె ముఖం చూస్తే తెలిసిపోయింది.

"వేణ్ణీళ్ళు కాద్దామని వంటింట్లోకి వెళ్ళానయ్యా. డ్రమ్ము వినపడింది. వచ్చి చూస్తే కుర్చీలోనే... నిద్రపోయిందనుకున్నా."

"చూసిందా?"

"ఏం చెప్పను? డ్రమ్ముకు ముందే పోయిందో, తర్వాత పోయిందో నాకు తెలీదు."

తడిబట్టలతోనే కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఇంకా కాస్త వెచ్చదనం ఉంది. స్వెట్టర్ చేతి అంచు మాత్రం చల్లగా, తడిగా తగిలింది.

"నీళ్ళు తాగించావా వదినా?"

"లేదయ్యా. అసలు తీసుకురానేలేదు."

తలెత్తాడు. చలికి కిటికీ అద్దమంతా తెల్లగా ఆవిరి పట్టి ఉంది. కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తులో మాత్రం గుండ్రంగా తుడిచిన జాగా ఒకటి అంచుల దగ్గర మళ్ళీ మసకబారుతోంది. దాని నడిమధ్యలోంచి, వానలో, కింది రోడ్డు ఇంకా కనపడుతోంది.